మోకాలు మడవని మోటారు

నరసాపురం నుంచి గద్వాల వెళ్ళేవాళ్ళు పెద్దగా ఉండరు. నేను వెళ్ళొచ్చాను. వచ్చాక మా వీధిలో అందరూ చీర తెచ్చావా అని అడిగారు గాని ఎందుకు వెళ్ళావని ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

నేను పడవ మోటార్లు బాగుచేస్తాను. పడవ వెనక చెక్కకు తగిలించే రకం, పైన ఇంజను, కింద నీళ్ళలో ఫ్యాను. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టినవాడికి ఇంతకంటే పెద్ద ఉద్యోగాలు దొరకవు. కొన్నేళ్ళ కిందట కృష్ణ ఒడ్డు నుంచి ఒకాయన మా ఊరొచ్చి పాత ఫైబర్ పడవ ఒకటి కొన్నాడు. దానికి మోటారు బిగించి ఇచ్చింది నేనే. "ఏదన్నా అయితే ఫోన్ చెయ్యండి, వచ్చి చూస్తాను" అని కూడా అన్నాను. సరుకు అమ్మేటప్పుడు అందరూ అనే మాటే. నిజంగా ఎవరూ ఫోన్ చెయ్యరు. ఈయన చేశాడు.

"అన్నా, మోటరు పైకి లేస్తలేదు. మీరు బిగించిందే. జర ఒచ్చి చూడాలె, మస్తు పరేషాన్ల ఉన్న" అన్నాడు.

ఈ మోటార్లకు మోకాలు లాంటిది ఒకటుంటుంది. పడవ ఒడ్డు దగ్గరికి రాగానే మీట నొక్కి, మోటారును చేత్తో లాగితే అది మడుచుకుని ఫ్యానుతో సహా నీళ్ళపైకి లేస్తుంది. అప్పుడు పడవ లోతు లేని చోటికి కూడా జారి వెళ్ళి ఒడ్డుకు ఆనుతుంది. మోకాలు పట్టేస్తే ఫ్యాను రాళ్ళకు కొట్టుకుంటుంది కాబట్టి పడవను దూరంగానే ఆపాలి. ఆయన పడవ నడిపేది నది మధ్యనున్న కొంగలగడ్డ అనే పల్లెకు. మా వైపు లంక అంటాం, వాళ్ళు గడ్డ అంటారు. ఆ గడ్డ జనమంతా ఇప్పుడు మోకాలి లోతు నీళ్ళలో దిగి, పాచిపట్టిన బండల మీద నడిచి ఇల్లు చేరుతున్నారట. వాళ్ళు ఆయనకు గట్టిగానే చెప్పేశారు. వచ్చే సంతరోజు దాకా చూస్తాం, ఆ రోజుకు పడవ బండకు ఆనకపోతే వేరే పడవవాణ్ణి తెచ్చుకుంటాం అని. ఆ రేవు పోతే ఆయనకు ఇంకో బతుకుదెరువు లేదు.

దగ్గర్లో మెకానిక్కులే లేరా అని అడిగాను.

"ఉన్నరు గని మీరే రావాలె" అన్నాడు.

నాకు గర్వంగా అనిపించింది. మా ఆవిడ సంచి సర్దుతూ "ఛార్జీలైనా ఇస్తాడా?" అని అడిగింది. కళాకారుణ్ణి అలాంటివి అడగకూడదని చెప్పాను.

గద్వాల, పొరపాటున బీచుపల్లి

ఆయన పేరు బీచుపల్లి. "గద్వాలల దిగి ఆత్మకూరు బండెక్కు. కట్ట దాటినంక దిగి బీచుపల్లి అని అడుగు, చిన్న పోరడైనా చెప్తడు" అన్నాడు ఫోన్లో. నేను మధ్య మాటలు మరిచిపోయి మొదలూ చివరా గుర్తుంచుకున్నాను. గద్వాల బస్టాండులో దిగి బీచుపల్లి అని అడిగాను. అందరూ చెప్పారు. ఒక పెద్దాయన నా సంచి మోసి మరీ బస్సెక్కించాడు. ఆ బస్సు నన్ను హైవే పక్కన ఆంజనేయస్వామి గుడి ముందు దింపింది.

టీ కొట్టాయన్ను అడిగాను. "బీచుపల్లి గారి ఇల్లెక్కడండీ?"

"ఇదే బీచుపల్లి."

"ఊరు కాదండీ, మనిషి. పడవ నడుపుతాడు."

"ఏ బీచుపల్లి? సుట్టుపక్కల ఊర్లల్ల మస్తు మంది ఉన్నరు. నేను గూడ బీచుపల్లినే" అన్నాడాయన టీ వడపోస్తూ.

ఇక్కడి స్వామి మీద భక్తితో పిల్లలకు ఆయన ఊరి పేరే పెట్టుకుంటారట. మా వైపూ అంతే, అన్నవరాలూ సింహాచలాలూ వీధికొకరుంటారు. సింహాచలం అనే బావమరిది ఉండి కూడా నాకు తట్టలేదు. ఫోన్ చేస్తే మా బీచుపల్లి నది మధ్యలో ఉన్నాడేమో, అందలేదు. ఎలాగూ వచ్చాను కదా అని స్వామికి దండం పెట్టుకుని, టీ బీచుపల్లి దగ్గర ఇంకో టీ తాగి, మళ్ళీ గద్వాల చేరేసరికి చీకటి పడింది. లాడ్జిలో పడుకున్నాను.

పొద్దున్నే ఒక బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన మరమరాలకు తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మా వైపు మరమరాలు పిల్లలు ఏడిస్తే పెడతాం. ఇక్కడ పెద్దవాళ్ళు వరసలో నిలబడి తింటున్నారు. నేనూ రెండోసారి వరసలో నిలబడ్డాను.

బస్సుకు టైముందని ఒక మగ్గం ఇంటికి వెళ్ళాను. నేసే ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చీర మధ్యభాగం నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగుకు పోగు అల్లి కలుపుతారు. దాన్ని కుట్టు అంటారు గాని సూది ఉండదు. ఎంత అని అడిగాను. చెప్పాడు. నేను వెంటనే మోటార్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను.

ఆయన ఓపిగ్గా విని, "అతుకు కాడనే ఉంటది సార్ తిప్పలంత. మా దాంట్ల గూడ గంతే" అన్నాడు. చీరకు కాకపోయినా ఆ మాటకైనా ఏమన్నా ఇవ్వాలనిపించింది. బస్సుకు టైమైందని లేచాను.

ఆత్మకూరు వైపు రేవు

ఈసారి సరైన బస్సే ఎక్కాను. ఆనకట్ట మీదుగా కృష్ణ దాటి దిగితే బీచుపల్లి తానే వచ్చి నిలబడి ఉన్నాడు. సన్నగా, ఎండకు మాడి, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు మొహం పెట్టే మనిషి. నా సంచి తీసుకుని రేవుకు నడిపించాడు.

మా గోదావరి ఒడ్డున ఉండేది బురద. ఇక్కడంతా బండలు. నది ఎండాకాలానికి లోపలికి జరిగి, ఏనుగులు పడుకున్నట్టు బండల్ని బయట పెట్టేసింది. పడవ ఒడ్డుకు చాలా దూరంలో ఆగి ఉంది. అందులోంచి ఒక ముసలామె, నెత్తిన గుడ్ల గంప, చేతిలో చెప్పులు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఒక్కో బండనూ కాలితో తడిమి చూసుకుంటూ వస్తోంది. బీచుపల్లి పరుగెత్తి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు.

"నీ చెయ్యొద్దు, నీ పడవ రావాలె" అంది. తరువాత నన్ను చూసింది. "సముద్రం కాడికెళ్లి ఒచ్చిన మేస్త్రివి నువ్వేనా? పోయిన సంతకు గంపెడు గుడ్లు కృష్ణల పోసిన బేటా. చాపలు అట్లు పోసుకున్నయో ఏమో."

ఆమె హుస్సేన్‌బీ. గడ్డ మీద కోళ్ళు పెంచి ఆత్మకూరులో గుడ్లు అమ్ముతుంది. వేరే పడవను పిలుద్దామని గడ్డ మీద మొదట అన్నదీ ఆమేనట.

నీళ్ళలో దిగి మోటారు చూశాను. మీట బాగానే పనిచేస్తోంది. కొక్కెం ఊడుతోంది. మోటారు మాత్రం కదలదు. నేనూ బీచుపల్లీ ఇంకో ఇద్దరూ కలిసి వేలాడాం. పడవ లేచింది గాని మోటారు లేవలేదు. మోకాలికి ఇరుసులాగా అడ్డంగా లావుపాటి గొట్టం ఒకటి ఉంటుంది. అది లోపల పట్టేసిందన్నమాట. మా వైపు ఇది మామూలు జబ్బు, ఉప్పునీళ్ళు తినేస్తాయి. నా సంచి నిండా ఉప్పు పట్టినదానికి మందులే ఉన్నాయి. ఇది మంచినీళ్ళ నది. ఇక్కడ ఎలా పట్టిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మెకానిక్కు చేసే పనే చేశాను. "ఊఁ" అన్నాను, రెండుసార్లు.

అది శుక్రవారం. బీచుపల్లి భార్య జములమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పెద్దగా మాట్లాడదు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని తిన్నగా నీళ్ళలోకి నడిచి, మోటారు బిగించిన వెనక చెక్కకు, దాన్ని పట్టుకున్న ఇనప పట్టీలకు, మధ్య గొట్టానికి శుభ్రంగా పసుపు పూసింది. కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు దాని మీదుగా కృష్ణలోకి వదిలింది. మా ఆవిడ శుక్రవారం గడపకు ఎలా పూస్తుందో అచ్చం అలాగే.

"పడవకు గడప గదే కదన్నా" అంది నా వైపు చూడకుండా. నిజమే కదా అనుకున్నాను. ప్రసాదం నాకూ పెట్టింది. కొబ్బరి బాగుంది. తింటూ, ఈ మంచినీళ్ళలో గొట్టం ఎందుకు పట్టేసిందా అని తీవ్రంగా ఆలోచించాను.

ఆ రోజంతా మోటారు విప్పి ఒడ్డుకు చేర్చడం, గొట్టం సందుల్లో డీజిల్ పోసి నానబెట్టడం, సుత్తితో కొట్టడం. గొట్టం కదలలేదు గాని దాని చివర మర విరిగింది. విరగ్గొట్టింది నేనే. బీచుపల్లి ఆ ముక్క తీసి జేబులో వేసుకున్నాడు. మా వైపైతే ఈపాటికి నా మీద పంచాయితీ పెట్టేవాళ్ళు.

రాత్రి జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే ఏమిటో అని భయపడుతూ తిన్నాను. మన గోంగూరే. రొట్టె మాత్రం మనది కాదు. మొదటిది నమలడానికి నాకు పట్టిన సేపట్లో జములమ్మ నాలుగు తట్టింది. ఒక్కో రొట్టె పెట్టేటప్పుడూ ఒకే ప్రశ్న అడిగింది: "సంతకల్లా అయితదా అన్నా?"

అవుతుందన్నాను. మెకానిక్కు అబద్ధాలు వైద్యుడి అబద్ధాల్లాంటివి, చెప్పక తప్పదు.

వనపర్తి

మర్నాడు మోటారు కింది భాగాన్ని గోనెపట్టాలో చుట్టి, నేనూ బీచుపల్లీ వనపర్తి బస్సెక్కాం. కండక్టరు దాన్ని చూసి "ఏందిది?" అన్నాడు.

"మోటరు."

"బోరు మోటరా?"

"పడవ మోటరు."

"వనపర్తిల పడవేడిది?" అన్నాడు. లగేజీ టిక్కెట్టు కొట్టి, దారంతా వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

ఖాజా భాయి లేత్ దుకాణంలో ట్రాక్టరు ఇరుసులను పట్టి నొక్కే పెద్ద ప్రెస్సు ఉంది. ఆయన గొట్టం చుట్టూ మంట పెట్టి వేడెక్కించి, ప్రెస్సు కింద పెట్టి మెల్లగా నొక్కాడు. కాసేపు ఏమీ లేదు. తరువాత తుపాకి పేలినట్టు ఒక చప్పుడొచ్చి గొట్టం బయటికి జారింది. దాంతోపాటు దుకాణమంతా ఒక వాసన. ఇనప వాసన కాదు, డీజిల్ వాసన కాదు. మాడిన పోపు వాసన.

గొట్టం చుట్టూ పచ్చగా, గట్టిగా, పెళ్ళలు పెళ్ళలుగా పట్టి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చారలు. నేను వేలితో గీకాను. రాలేదు. సిమెంటులా ఉంది.

ఖాజా భాయి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "అరె భాయ్, ఇది తుప్పు గాదు. పసుపు! మా ఇంట్ల కూరల ఏస్తరు. మీ దిక్కు మోటర్ల ఏస్తరా?"

పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు, నది ఇసుక. వారం వారం పూసింది పూసినట్టు సందుల్లోకి దిగి, ఎండకు ఎండి, మళ్ళీ తడిసి, గొట్టాన్ని కరిచి పట్టుకుంది. నిన్న నా కళ్ళ ముందే పూశారు. నేను కొబ్బరి తింటున్నాను.

తలెత్తి బీచుపల్లి వైపు చూశాను. ఆయన దుకాణం పైకప్పు కేసి చూస్తున్నాడు. ఆశ్చర్యపోయినవాడి మొహం కాదది. అప్పుడు నాకు అనుమానమొచ్చింది.

గొట్టం కొత్తది తయారుచేస్తానన్నాడు ఖాజా భాయి. దాని రెండు చివరలా తొడిగే ప్లాస్టిక్ బుష్షులు మాత్రం వేడికి కరిగిపోయాయి. అవి ఇక్కడ దొరకవు. "తెలకపల్లి కాడ ఒగ రైతు తాన ఇసొంటి మోటరే ఉన్నది. నీళ్లు తోడే పంపు చెయ్యమని నా తానకు తెచ్చిండు. కాదని ఎల్లగొట్టిన. పోయి అడుగుర్రి" అన్నాడు. పాత గొట్టాన్ని పసుపుతో సహా పేపర్లో చుట్టి నా చేతికిచ్చాడు.

ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. నేను బిస్కట్టు ముంచి, "మీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ఆత్మకూరు మెకానిక్కు చెప్పిండు. పసుపే అన్నడు" అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"మరి ఆయన చేతే చేయించుకోలేదేం?"

"చేపిచ్చుకుంటే ఏమైతది? మల్ల శుక్రారం ఒస్తది గద."

"ఆవిడకు చెప్పొచ్చు కదండీ! పూయద్దని ఒక్క మాట."

ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. తరువాత మెల్లగా చెప్పాడు. జములమ్మకు ఒక్కడే తమ్ముడు. ఈ రేవులో పుట్టి వేసేవాడు. పుట్టి అంటే గుండ్రంగా బుట్టలా అల్లిన పడవ. వరద రోజుల్లో అది తిరగబడింది. గడ్డ జనాన్ని దించేసి ఒక్కడే తిరిగొస్తున్నప్పుడు. మనిషి దొరకలేదు. ఆ తరువాతే ఆమె తన మెడలోవీ చేతులవీ అమ్మి, ఇక పుట్టి వద్దు, మోటారు పడవే తెమ్మని బీచుపల్లిని మా ఊరు పంపింది. ఆ మోటారే తన మొగుణ్ణి ఒడ్డు చేరుస్తోందని ప్రతి శుక్రవారం పసుపు పూస్తుంది.

"నేనెట్ల చెప్పాలన్నా? నువ్వు పెట్టిన పసుపుతోటే రేవు పోతుందని? ఇగ ఆమె బతుకుతదా? ఇంట్లోన్ని నాకు నోరు రాలే. ఆత్మకూరాయన రోజు కనవడే మనిషి, ఆయనతోటి చెప్పిస్తే ఎట్లుంటది? మీరైతే దూరపోల్లు. చెప్పి పోతరు."

అప్పుడు తెలిసింది నన్నే ఎందుకు పిలిచాడో. నా చేతికోసం కాదు, నోటికోసం. రాష్ట్రం దాటి, బస్సులు మారి, తప్పు ఊరికి వెళ్ళి, ఒక ఆడమనిషి గుండె పగిలే మాట చెప్పడానికి వచ్చాను. నాకు చాలా కోపమొచ్చింది. నా పని మోటార్లతో గాని మనుషులతో కాదని, నేను చచ్చినా చెప్పనని అన్నాను. సరే అన్నట్టు తలూపాడు. నా టీకి కూడా తనే ఇచ్చాడు. అది ఇంకా కోపం తెప్పించింది.

నాగర్‌కర్నూల్ దాటి తెలకపల్లి

తెలకపల్లికి నేనొక్కణ్ణే వెళ్ళాను. బీచుపల్లి కొత్త గొట్టం కోసం వనపర్తిలోనే ఆగిపోయాడు. మా మధ్య మాటలు లేవు కాబట్టి అది ఇద్దరికీ బాగుంది. నాగర్‌కర్నూల్లో బస్సు మారాను. దారి పొడుగునా పల్లీలు పీకేసిన ఎర్రనేలలు. బస్సులో పక్కనాయన అమ్రాబాద్ అడవిలో పులిని చూశానని చెప్పాడు. ఎంత దూరంలో అంటే, "ఫోన్ల" అన్నాడు.

రైతు పేరు కుర్మయ్య. ఆయన పడవ మోటారు కొన్న కథ చెప్పాడు. ఎక్కడో పాత సామాన్ల వేలంలో చూసి, "నీళ్లను తోసే మోటరే గద" అనుకున్నాడట. తెచ్చి పొలంలోని నీళ్ళకుంట గట్టు మీద దిమ్మెకు బిగించాడు. అది నీళ్ళను తోస్తుందిగాని పైకి తొయ్యదు. కుంటలోనే గుండ్రంగా తిప్పుతుంది.

"రొండేండ్లాయె. నా కుంటల నీళ్లు ఉన్నకాడనే తిరుగుతున్నయి" అన్నాడు గంభీరంగా.

బుష్షులు కావాలన్నాను. ఇస్తాను గాని, ఈ మధ్య ఇంజను లేస్తలేదు, దాన్ని ఒకసారి నడిపించమన్నాడు. ప్లగ్గు తుడిచి, పెట్రోలు గొట్టం సరిచేసి తాడు లాగాను. లేచింది. ఫ్యాను నీళ్ళ అంచుకు తేలి ఉందని నేను చూసుకోలేదు. కుంటలో సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. మిగతా సగం వాళ్ళావిడ ఆరబెట్టిన మిరపకాయల మీద. ఆమె అన్న మాటలు రాయడానికి వీల్లేదు. కుర్మయ్య మాత్రం చప్పట్లు కొట్టాడు.

ఇంజను దించకుండానే పక్క మరలు విప్పి బుష్షులు జాగ్రత్తగా లాగి ఇచ్చాను, వాటి బదులు రెండు తోలు ముక్కలు చుట్టాను. "నాదేమన్న లేపేదున్నదా, దించేదున్నదా. తీస్కపో" అన్నాడు. డబ్బివ్వబోతే వద్దని, ఆ పడవ ఎవరిదని అడిగాడు. చెప్పాను. ఏమనుకున్నానో ఏమో, పసుపు సంగతీ తమ్ముడి సంగతీ కూడా చెప్పేశాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

ఆయన తువ్వాలుతో నా వీపు తుడుస్తూ విన్నాడు. "చెప్పకపోతివా, మల్ల పట్టేస్తది. చెప్తివా, ఏడుస్తది. ఏడిస్తే ఏమైతది, మనిషన్నంక ఏడ్వదా?" అన్నాడు. తడిబట్టలతోనే బస్సెక్కాను.

మళ్ళీ రేవు

సంతకు ముందురోజు మధ్యాహ్నం మోటారు బిగించడం మొదలుపెట్టాను. కొత్త గొట్టం, కుర్మయ్య బుష్షులు, దండిగా గ్రీజు. మీట నొక్కి లాగాను. ఒంటిచేత్తో లేచింది. బీచుపల్లి వచ్చి తానూ లేపాడు, దించాడు, మళ్ళీ లేపాడు. చిన్నపిల్లాడికి కొత్త గొడుగు కొనిచ్చినట్టుంది. తరువాత నా మొహంలోకి ఒకసారి చూసి, పెట్రోలు తెస్తానని చెప్పి పారిపోయాడు. పెట్రోలు క్యాను నిండుగా పడవలోనే ఉంది.

జములమ్మ బండ మీద కూర్చుని చూస్తోంది. మోటారు లేచినప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏమైందన్నా దానికి?" అంది.

నేను దారిలో రెండు రకాల జవాబులు తయారుచేసుకున్నాను. ఒకటి ఇసుక పట్టిందనే అబద్ధం. రెండోది, బొట్టు మొహానికి పెడతారు గాని మోకాలికి పెడతారా అనే చమత్కారం. రెండూ నోట్లోంచి రాలేదు.

సంచిలోంచి పేపరు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను.

విప్పింది. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గోటితో గీకి, వాసన చూసింది. నేను సుత్తి సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాను.

"నీళ్లల్లకు పోతుందనుకున్న అన్నా" అంది. "గంగమ్మ తీస్కుంటుంది, మా తమ్మున్ని సల్లగ చూస్తది అనుకున్న. ఒక్క వారం తప్పలే. అంత గిండ్లనే ఆగిందా? ఆమెకు ఏం ముట్టలేదా?"

నాకు దుఃఖమొచ్చింది. ఇన్నేళ్ళ పనిలో ఎన్నో గొట్టాలు ఊడగొట్టాను, ఒక్కదాని లోపలా ఏముందో ఎవరూ నన్ను ఇలా అడగలేదు.

"కొంచెమే ఆగిందమ్మా. మిగతాది పోయింది" అన్నాను. అది అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. కుర్మయ్య చెప్పినట్టు, ఏమీ కాలేదు. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, "మరి దీనికేం పెట్టాలె?" అని అడిగింది.

"గ్రీజు. ఇదిగో ఈ డబ్బా. ఈ రెండు చోట్లా వేలితో పెడితే చాలు."

"శుక్రారం పెట్టొచ్చునా?"

"ఏ వారమైనా పెట్టొచ్చమ్మా."

"శుక్రారమే పెడ్త" అంది. గొట్టాన్ని మళ్ళీ పేపర్లో చుట్టుకుని కొంగులో దోపుకుంది.

సంతరోజు

పొద్దున్నే ఖాళీ పడవలో, జములమ్మతో కలిపి ముగ్గురం గడ్డకు వెళ్ళాం. జనమంతా ఒడ్డున నిలబడి ఉన్నారు. బండలు దగ్గరపడగానే బీచుపల్లి ఇంజను ఆపి మోటారు పైకి లాగాడు. పడవ జారుకుంటూ వెళ్ళి బండకు ఆనింది. హుస్సేన్‌బీ అలవాటుగా చెప్పులు విప్పి చేత పట్టుకుంది. కిందికి చూసింది. మళ్ళీ తొడుక్కుని, గుడ్ల గంపతో అలాగే పడవలోకి అడుగేసింది.

"ఇగ వేరే పడవొద్దు తియ్యి. వాని పడవ ఎట్లుంటదో ఏమో" అంది, ఆ మాట మొదట అన్నది ఇంకెవరో అయినట్టు. మిగతావాళ్ళు ఎక్కారు. కోళ్ళు, కూరగాయల మూటలు, ఒక మేక.

ఇటు ఒడ్డుకు తిరిగొస్తుంటే సరిగ్గా నది నడుమ జములమ్మ లేచి మొగుడి భుజం తట్టింది. కొంగులోంచి పొట్లం తీసింది. ఆయన ఆమెను చూశాడు, పొట్లాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఇంజను ఆపేశాడు.

సంతకు పొద్దెక్కుతోందని వెనక నుంచి ఎవరో గొణిగారు. హుస్సేన్‌బీ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. గొణుగుడు ఆగిపోయింది.

జములమ్మ పడవ పక్కకు వంగి, ఇనప సీలతో గొట్టాన్ని మెల్లగా గీకింది. పసుపు పెళ్ళలు ఒక్కొక్కటే నీళ్ళలో పడి, కాసేపు పచ్చగా కనబడి, కిందికి పోయాయి. అంతా గీకేదాకా గీకింది. అక్కడ నీళ్ళు చాలా లోతు. అంత లోతులో మోటారు లేపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. బీచుపల్లి మాత్రం మీట నొక్కి, ఒంటిచేత్తో మోటారును నీళ్ళపైకి లేపి, ఆమె పని అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు సంతకు అందరం ఆలస్యంగా వెళ్ళాం.